రద్దయిన పడవ

మంగళవారం పొద్దున్న
ఆర్క్‌నీ ఉత్తర దీవుల పడవ దిగింది
మెర్రన్ ఫ్లెట్.
భుజాన సంచి, గాలికి చెదిరిన జుట్టు.
ఆరు దీవుల బడులకి
ఆమె ఒక్కతే సైకాలజిస్టు.

నేను అప్పటికే ఫారం నింపి ఉంచాను.
పేరు: ఎర్లెండ్ డ్రీవర్. వయసు: ఎనిమిది.
సమస్య: బల్ల కింద దూరతాడు,
పుస్తకం తీయమంటే పెన్సిల్ విరుస్తాడు.
తల్లికి మూడు ఉత్తరాలు రాశాం, ఉలుకూ పలుకూ లేదు.
మీరేం ఆశిస్తున్నారు అన్న చివరి గడిలో
"వీడి సంగతి చూడండి" అని రాసి
కింద గట్టిగా గీత గీశాను.

ఆమె ఫారం చదివింది. మడిచింది.
"ఆ బల్ల ఎక్కడుంది?" అంది.

పదకొండు మంది పిల్లలు చూస్తుండగా
యాభైకి దగ్గరపడ్డ మనిషి
మోకాళ్ళు నేలకానించి బల్ల కిందికి పాకింది.
నాకు నవ్వొచ్చింది, దగ్గుతో కప్పేశాను.
పావుగంట సేపు
రెండు జతల బూట్లే కనిపించాయి.
తర్వాత వాడి గొంతు,
గాలివానకి బొంగురుపోయినట్టు, పీతల గురించి.
ఆడపీత పొట్ట కింద మడత వెడల్పుగా ఉంటుందట.
గుడ్లుంటే నాన్న తిరిగి నీళ్ళలో వదిలేస్తాడట.
పెంకు విడిచిన పీత,
కొత్తది గట్టిపడేదాకా
రాయి కింద నుంచి బయటికి రాదట.

మధ్యాహ్నం చెక్క ముక్కలూ బొమ్మలూ తీసింది.
స్టాప్‌వాచీ మాత్రం సంచిలోనే ఉండిపోయింది.

మూడింటికి గాలి లేచింది. పడవ రద్దు.
టీ చల్లారిపోతుంటే నా గదిలో కూర్చుంది.
వాడి గురించి చెబుతుందని కాగితం తీశాను.
"మీకు నిద్ర పడుతోందా, మిస్టర్ ఇస్బిస్టర్?"

పందొమ్మిదేళ్ళలో ఇన్‌స్పెక్టర్లు
హాజరు అడిగారు, మార్కులు అడిగారు,
పగిలిన కిటికీ అద్దాల లెక్క అడిగారు.
ఇది అడగలేదు.
వాన ఎటునుంచి కొడుతోందో చూస్తున్నట్టు
ఆమెకి వీపు చూపించి చాలాసేపు నిలబడ్డాను.
ఆ తర్వాత చెప్పాను:
రోజూ పొద్దున్న బడి తాళం తీస్తూ
ఇవాళ వాడు రాకపోతే బాగుండును అనుకుంటానని.
ఎనిమిదేళ్ళ పిల్లవాడు.

తప్పనలేదు. పరవాలేదనీ అనలేదు.
"పైకి చదివించేటప్పుడు ఎలా చదివిస్తారు?" అంది.
వరసగా, కిటికీ దగ్గర నుంచి, ఒకరి తర్వాత ఒకరు.
"వాడి వంతు ఎన్నోది?"
ఏడోది.
చెబుతూ చెబుతూ ఆగిపోయాను.
ఆరుగురు చదివినంతసేపూ
దూరం నుంచి లేచి వస్తున్న అలని
వాడు ఒక్కడే చూస్తూ కూర్చునేవాడు,
బోర్డుకేసి తిరిగి నేను.

చీకటి పడ్డాక డ్రీవర్ల ఇంటికి నడిచాం.
థోరా తలుపు సగమే తెరిచింది.
ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద
నా మూడు ఉత్తరాలు, కవర్లు చింపకుండా.
నేను నోరు తెరవబోతే
మెర్రన్ మోచేత్తో నన్ను తాకింది.
"వాటిలో ఏముందో నోటితో చెప్పనా?" అంది ఆమెతో.

థోరా చేతిలో వల బాగుచేసే సూది
ఒక ముడి వేసింది, ఇంకో ముడి వేసింది.
"నాకూ అక్షరాలు నిలవవు," అంది, నేలతో అన్నట్టు.
"మా నాన్న మొండితనం అనేవాడు.
వాడికి నా నుంచే వచ్చిందా?"
"వచ్చి ఉండొచ్చు. కళ్ళు కూడా నీవే," అంది మెర్రన్.
ఇంకా ఏదో అంటుందనుకున్నాను. అనలేదు.
ఆ రాత్రి మాకు పీతల పులుసు పెట్టారు.

బుధవారం పడవ నడిచింది.

ఇప్పుడు మా బడిలో వరస లేదు.
ఇష్టమైనవాళ్ళు చదువుతారు,
కొందరు ముందురోజే ఇంట్లో విని వస్తారు.
బల్ల కింద ఒక దిండు ఉంది.
మొన్న శుక్రవారం వాడు రెండు పెన్సిళ్ళు విరిచాడు,
నేను ఒక డబ్బా కొన్నాను.

రిపోర్టు వచ్చింది, నాలుగు పేజీలు.
ఉత్తరం రాయలేదు, ఫోన్ చేశాను.
థోరా వింటోంది, వెనక కెటిల్ కూస్తోంది.
"ఎర్లెండ్‌కి పీతల గురించి ఎంతో తెలుసు,
తెలిసింది వరస తప్పకుండా చెప్పగలడు."
రెండో వాక్యం మొదలుపెట్టబోయాను.

"ఆగండి," అంది.
కెటిల్ కూత ఆగింది.
"అది మళ్ళీ చదవండి."